ముల్లు ఎక్కడ తిరుగుతుంది?

తొమ్మిది పది లక్షలు సమకూర్చుకుని స్పోర్ట్స్ బైకు కొనడానికి బయల్దేరినవాళ్లు షోరూంలో మొదట అడిగేది పవర్ ఎంత అని. ఆ వెంటనే టాప్ స్పీడ్ ఎంత అని. రెండింటికీ జవాబు బ్రోషర్‌లో అచ్చయ్యే ఉంటుంది, సేల్స్‌మన్‌కి కంఠతా వచ్చు. అయినా ఇంటికొచ్చి పడుకున్నాక మళ్లీ అదే తికమక. రెండు సిలిండర్ల బండి తీసుకోవాలా, నాలుగు సిలిండర్లదా? స్నేహితుల్లో కొందరు "ఫోర్ తీసుకో, లేకపోతే ఏడాది తిరక్కుండా బాధపడతావ్" అంటారు. ఇంకొందరు "మన ట్రాఫిక్‌లో ఫోర్ ఎందుకురా" అంటారు. ఎవరికి వాళ్లు తమ బండి గురించి నిజమే చెబుతున్నారు. మీరు తిరిగే దారి గురించి మాత్రం వాళ్లకు తెలియదు, తెలిసే అవకాశమూ లేదు.

అందుకే ఈ అధ్యాయంలో మిమ్మల్ని ఒకే ప్రశ్న అడుగుతాను. మీరు బండి మీద గడిపే సమయంలో ఎక్కువ భాగం ఆర్‌పీఎం ముల్లు ఎక్కడ తిరుగుతుంది? నాలుగు వేల దగ్గరా, పది వేల దగ్గరా? ఇప్పటి బళ్లలో ముల్లు పోయి రంగుల గీత వచ్చింది కానీ ప్రశ్న మారలేదు. దీనికి ఉన్నదున్నట్టు జవాబు చెప్పుకోగలిగితే సిలిండర్ల సంగతి చాలావరకు దానంతటదే తేలిపోతుంది. ఎందుకో చూద్దాం.

ఒకే సీసీ, రెండు స్వభావాలు

కవాసాకి నింజా 650నీ హోండా సీబీఆర్650ఆర్‌నీ పక్కపక్కన పెట్టండి. రెండూ 649 సీసీ బళ్లే. మొదటిదానికి రెండు సిలిండర్లు, రెండోదానికి నాలుగు. టార్క్ చూస్తే నింజా 64 న్యూటన్ మీటర్లు, హోండా 63. అంటే దాదాపు సమానం. పవర్ దగ్గరికి వచ్చేసరికి నింజా 68 పీఎస్, హోండా 95 పీఎస్. సీసీ ఒకటే, టార్క్ ఒకటే, పవర్‌లో మాత్రం 27 పీఎస్ తేడా. ఇది ఎక్కణ్నుంచి వచ్చింది?

టార్క్ అంటే ఇంజన్ చక్రాన్ని తిప్పే బలం. పవర్ అంటే ఆ బలాన్ని తిరిగే వేగంతో గుణిస్తే వచ్చేది. నింజా తన గరిష్ఠ టార్క్‌ను 6,700 ఆర్‌పీఎం దగ్గర ఇస్తుంది, పవర్‌ను 8,000 దగ్గర. హోండా గరిష్ఠ టార్క్ 9,500 దగ్గర వస్తుంది, పవర్ 12,000 దగ్గర. బలం అంతే, దాన్ని ఇంకా పైకి తీసుకెళ్లి వాడుకుంటోంది కాబట్టి గుణకారంలో పెద్ద అంకె వచ్చింది. ఆ 27 పీఎస్ ఎక్కడుందో ఇప్పుడు తెలిసింది కదా. అది 8,000 దాటాక ఉంది. మీరు అక్కడికి వెళ్లని రోజున అది మీది కాదు.

మరి నింజా కూడా 12,000 దాకా ఎందుకు తిరగదు? దీనికి సమాధానం పిస్టన్ల కొలతల్లో ఉంది. నింజాలో ఒక్కో పిస్టన్ 83 మిల్లీమీటర్ల వెడల్పు, పైకీ కిందకీ ప్రయాణించేది 60 మిల్లీమీటర్లు. హోండాలో నాలుగు చిన్న పిస్టన్లు, 67 మిల్లీమీటర్ల వెడల్పు, ప్రయాణం 46 మిల్లీమీటర్లే. 8,000 దగ్గర నింజా పిస్టన్ సగటున సెకనుకు 16 మీటర్ల వేగంతో కదులుతుంది. హోండా పిస్టన్ 12,000 దగ్గర కూడా 18.4 మీటర్లు దాటదు. నింజాను బలవంతంగా 12,000 తిప్పితే ఆ వేగం 24 మీటర్లకు చేరుతుంది. అంత పెద్ద పిస్టన్ సెకనుకు నాలుగు వందల సార్లు ఆగి వెనక్కి తిరగాలంటే కనెక్టింగ్ రాడ్ మీద పడే భారం ఊహించుకోండి. పిస్టన్ చిన్నదైతే బరువు తక్కువ, దూరం తక్కువ, అందుకే పైకి తిరగనిస్తుంది. నాలుగు సిలిండర్ల బండిలో ఉన్న మాయ అంతా ఇదే.

ఇప్పుడు రోడ్డు మీదికి వద్దాం. 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం నాలుగు లేన్ల హైవే మీద మోటార్‌సైకిల్ గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు, మున్సిపల్ పరిధిలో 60. కొన్నిచోట్ల ఇంతకన్నా తక్కువ బోర్డులు కూడా ఉంటాయి. 80లో ఆరో గేర్ వేసుకుని వెళ్తుంటే పైన చెప్పిన రెండు బళ్లలోనూ ముల్లు నాలుగు వేల చుట్టుపక్కలే ఉంటుంది. అక్కణ్నుంచి ట్విన్ (రెండు సిలిండర్ల బండి) తన బలమైన చోటికి చేరడానికి ఇంకో 2,700 ఎక్కితే చాలు. ఫోర్ 5,500 ఎక్కాలి. విజయవాడ హైవే మీద ముందున్న బస్సును దాటాలంటే ట్విన్ మీద ఒక గేరు దించి థ్రాటిల్ తిప్పితే సరిపోతుంది. ఫోర్ మీద రెండు, ఒక్కోసారి మూడు గేర్లు దించాలి. దించితే మాత్రం ట్విన్‌ను మించి లాక్కుపోతుంది. ఎడమ కాలికి పని చెప్పడం ఇష్టమైనవాళ్లకి అదే ఆనందం. రోజూ అలసిపోయి ఇంటికి పోయేవాళ్లకి అదే చిరాకు. ఈ ఇద్దరిలో మీరెవరో మీకే తెలియాలి.

ఇదే తేడా మిగతా జంటల్లోనూ కనిపిస్తుంది. అప్రీలియా ఆర్ఎస్ 457 రెండు సిలిండర్ల బండి, మహారాష్ట్రలోని బారామతిలో తయారవుతుంది. 47.6 పీఎస్, 43.5 న్యూటన్ మీటర్లు. కవాసాకి నింజా జడ్ఎక్స్-4ఆర్ 399 సీసీ, నాలుగు సిలిండర్లు, 77 పీఎస్, 39 న్యూటన్ మీటర్లు. పవర్‌లో 30 పీఎస్ వెనకబడ్డ అప్రీలియా టార్క్‌లో ముందుంది, ఆ టార్క్ కూడా 6,700 దగ్గరే దొరుకుతుంది. కవాసాకిది 13,000 దగ్గర. పై తరగతిలో సుజుకి జీఎస్ఎక్స్-8ఆర్ 776 సీసీ ట్విన్ 83 పీఎస్ దాకా, 78 న్యూటన్ మీటర్లు ఇస్తుంటే, 636 సీసీ జడ్ఎక్స్-6ఆర్ 69 న్యూటన్ మీటర్లతోనే 120కి పైన పీఎస్ తీస్తుంది. ఏ జంట తీసుకున్నా కథ ఒకటే: ట్విన్ బలం కింద, ఫోర్ బలం పైన.

శ్రీశైలం ఘాట్‌లో, గచ్చిబౌలి సిగ్నల్‌లో

హైదరాబాద్ రైడర్లకు ఆదివారం అంటే శ్రీశైలం దారి. మన్ననూర్ చెక్‌పోస్టు దాటాక అమ్రాబాద్ అడవి మొదలవుతుంది. రోడ్డు బాగుంటుంది, కానీ కోతులు, జింకలు, యాత్రికుల కార్లు, వేగానికి పరిమితి. ఈగలపెంట దాటి కృష్ణ వైపు దిగేటప్పుడూ, డ్యామ్ దాటి మళ్లీ ఎక్కేటప్పుడూ హెయిర్‌పిన్ మలుపులు వస్తాయి. ఎక్కుడు మలుపులో రెండో గేర్‌లో, ఎదురుగా ఆర్టీసీ బస్సు సగం రోడ్డు ఆక్రమించి దిగుతుంటే, మీరు ముప్పైకి తగ్గిపోతారు. అక్కణ్నుంచి మళ్లీ థ్రాటిల్ ఇచ్చినప్పుడు ట్విన్ గొణక్కుండా లాగేస్తుంది. జడ్ఎక్స్-6ఆర్ లాంటి బండి అయితే ఒక క్షణం ఖాళీగా అనిపిస్తుంది. మొదటి గేర్‌కి దించాలా, క్లచ్ కొద్దిగా పట్టి రెవ్ పెంచాలా అన్న నిర్ణయం మలుపు మధ్యలో తీసుకోవాలి. చెయ్యి తిరిగినవాళ్లకి అది ఆటే. పెద్ద బండి కొత్తగా ఎక్కినవాళ్లకి మలుపు మధ్యలో గేరు ఆలోచన రావడం మంచిది కాదు. సీబీఆర్650ఆర్ ఈ విషయంలో 600 రేసు బళ్లకన్నా చాలా మెత్తన, ఆ సంగతి ఒప్పుకోవాలి. అరకు దారిలో అనంతగిరి మలుపులైనా, హార్స్‌లీ హిల్స్ అయినా ఇదే లెక్క.

దిగేటప్పుడు ఇంకో సంగతి. థ్రాటిల్ వదిలినప్పుడు ఇంజన్ బండిని వెనక్కి పట్టడం ట్విన్‌లో గట్టిగా తెలుస్తుంది. ఘాట్ దిగేటప్పుడు అది బ్రేకుకు తోడు. ఫోర్ ఇంకా జారుగా, స్వేచ్ఛగా దిగుతుంది.

తిన్నగా సాగే హైవే మీద మాత్రం ఫోర్‌కి మంచి మార్కులు వెయ్యాలి. నాలుగు పిస్టన్లలో రెండు పైకి వెళ్తుంటే రెండు కిందికి వస్తాయి కాబట్టి పెద్ద ఊపులు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మిగిలేది ఇంజన్ వేగానికి రెట్టింపు వేగంతో ఉండే సన్నటి కంపనం. కొన్ని ఆర్‌పీఎంల దగ్గర వేళ్ల చివర్లలో జివ్వుమంటుంది, మిగతా అంతా పట్టులా ఉంటుంది. ట్విన్ ఎంత బ్యాలెన్స్ షాఫ్ట్ పెట్టినా ఫుట్‌పెగ్ దగ్గర, సీటు దగ్గర తన ఉనికి చెబుతూనే ఉంటుంది. అనంతపురం మీదుగా బెంగళూరు దాకా ఒకే వేగంతో గంటల కొద్దీ వెళ్లే అలవాటున్నవాళ్లు ఈ ఒక్క కారణంతో ఫోర్ తీసుకున్నా తప్పు పట్టను.

సిటీ మాట వేరు. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు ప్రధాన దారి మీదికి టూవీలర్లను రానివ్వరు. సర్వీస్ రోడ్డు, ఫ్లైఓవర్, సిగ్నల్, స్పీడ్‌బ్రేకర్, ఇవే మీ ట్రాక్. మే నెలలో నలభై రెండు డిగ్రీల ఎండలో గచ్చిబౌలి జంక్షన్ దగ్గర సిగ్నల్ పడిందనుకోండి. ఫ్యాన్ తిరగడం మొదలవుతుంది. రేడియేటర్ నుంచి వచ్చే వేడిగాలి ఫెయిరింగ్ పక్కల నుంచి మోకాళ్ల మీదికి కొడుతుంది. వెడల్పాటి నాలుగు సిలిండర్ల ఇంజన్ మీద ఈ బాధ ఎక్కువ. పారలల్ ట్విన్‌కి తక్కువ, లేదని కాదు. డుకాటీలాంటి వీ-ట్విన్ అయితే వెనక సిలిండర్ సరిగ్గా మీ సీటు కిందే ఉంటుంది, సిటీలో ఆ సంగతి తొడలకు తెలుస్తుంది. కాబట్టి ట్విన్ అంటే చల్లగా ఉంటుందని గుడ్డిగా నమ్మొద్దు. ఏ ట్విన్ అన్నది అడగాలి.

రోజూ ఆఫీసుకు వెళ్లేవాళ్లయితే క్లచ్ గురించి కూడా ఆలోచించండి. నడక వేగంతో పాకే ట్రాఫిక్‌లో ట్విన్ రెండో గేర్‌లో క్లచ్ వదిలేసినా నడుస్తుంది. పెట్రోలు లెక్క కూడా ఇక్కడే చెప్పేస్తాను. 650 ట్విన్ లీటరుకు ఇరవై, ఇరవై రెండు ఇచ్చే దారిలో 600 ఫోర్ పదహారు, పదిహేడు దగ్గర ఆగడం మామూలే. పది లక్షల బండికి మైలేజీ ఏం చూస్తాం అంటారా, ఫర్వాలేదు, ఇది చిన్న విషయమే.

ఆ శబ్దం కోసం

ఇంతదాకా చదివి మీరు ట్విన్ వైపు మొగ్గి ఉంటారు. ఇప్పుడు నాలుగు సిలిండర్ల తరఫున గట్టిగా మాట్లాడతాను, ఎందుకంటే ఈ కోరికను తేలిగ్గా తీసిపారేసే సలహాలు నాకు నచ్చవు.

1969లో హోండా సీబీ750 వచ్చింది. మామూలు మనుషులు కొనగలిగిన ధరలో నాలుగు సిలిండర్లను వరసగా పేర్చి, ముందు చక్రానికి డిస్క్ బ్రేక్ పెట్టి, కిక్కు కొట్టే పని లేకుండా ఎలక్ట్రిక్ స్టార్టర్‌తో ఇచ్చిన బండి అది. అప్పటిదాకా పెద్ద బండి అంటే వణుకుతూ నూనె కార్చే ట్విన్ అనుకున్న ప్రపంచం ఆ నున్నటి పరుగు చూసి మనసు మార్చుకుంది. మూడేళ్లకు 903 సీసీతో కవాసాకి జడ్1 వచ్చింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో స్పోర్ట్స్ బైకు అంటే జపాన్ ఇన్‌లైన్ ఫోర్ అన్నంతగా స్థిరపడిపోయింది. 1990 ప్రాంతంలో జపాన్‌లో 250 సీసీలోనే నాలుగు సిలిండర్లు పెట్టి, 18,000 ఆర్‌పీఎం దాకా తిరిగే బళ్లు అమ్మారు. హోండా సీబీఆర్250ఆర్ఆర్ వాటిలో ఒకటి. ఒక్కో పిస్టన్‌కి అరవై మూడు సీసీ కూడా ఉండదు. అవసరం దృష్ట్యా చూస్తే ఆ బండికి అర్థం లేదు. కానీ ఆ కీచుమనే కేక ఒకసారి విన్నవాళ్లు ఇప్పటికీ మర్చిపోలేదు.

పది వేల దగ్గర ఫోర్ గొంతు మారుతుంది. అప్పటిదాకా ఉన్న హమ్మింగ్ గట్టిపడి, సన్నబడి, ఒక్క తీగలా సాగుతుంది. వెనక్కి తోసే బలం ఆగకుండా పెరుగుతూనే ఉంటుంది. ట్విన్‌లో ఈ అనుభవం లేదు. అక్కడ ఒక దరువు ఉంటుంది. ముఖ్యంగా ఇప్పటి ట్విన్లలో క్రాంక్ పిన్నులను 270 డిగ్రీల తేడాతో పెడుతున్నారు. 1995లో యమహా టీఆర్ఎక్స్850తో ఈ పద్ధతి వెలుగులోకి వచ్చింది. ఆర్ఎస్ 457, జీఎస్ఎక్స్-8ఆర్, యమహా ఆర్7 అన్నీ ఇలాగే ఉంటాయి. మంటలు సమాన వ్యవధిలో రాకుండా దగ్గరగా ఒకటి, ఎడంగా ఒకటి వస్తాయి కాబట్టి శబ్దం వీ-ట్విన్‌ను తలపిస్తుంది. నింజా 650ది 180 డిగ్రీల క్రాంక్, దాని పలుకు ఇంకో రకం. 2009లో యమహా తన నాలుగు సిలిండర్ల ఆర్1కే క్రాస్‌ప్లేన్ క్రాంక్ పెట్టి ఆ దరువు తెప్పించిందంటే, ఫోర్ తయారుచేసేవాళ్లకీ ట్విన్ లక్షణం మీద మోజు ఉన్నట్టే కదా.

శబ్దం కోసం, ఆ పై పరుగు కోసం బండి కొనడం పూర్తిగా సరైన కారణం. స్పోర్ట్స్ బైకు ఎవరికీ అవసరం కాదు, ఆనందం కోసమే కొంటాం. నేను అడిగేదల్లా ఆ ఆనందం నెలలో ఎన్నిసార్లు దొరుకుతుంది అని. జడ్ఎక్స్-6ఆర్‌ను మొదటి గేర్‌లోనే రెడ్‌లైన్ దాకా తీసుకెళ్తే వేగం 100 దాటిపోతుంది. అంటే ఆ గొంతు పూర్తిగా విప్పేసరికి మన హైవే పరిమితి దాటిపోతాం, ఇంకా ఐదు గేర్లు మిగిలే ఉంటాయి. ట్రాక్ మీదికి వెళ్లేవాళ్ల సంగతి వేరు. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ ఉంది, కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది, గ్రేటర్ నోయిడాలో 2023లో మోటోజీపీ జరిగిన బుద్ధ్ సర్క్యూట్ ఉంది. ట్రాక్ డేలకు ఏడాదికి కొన్నిసార్లయినా వెళ్లే మనిషైతే, వెళ్లడానికి సెలవులూ డబ్బూ నిజంగా ఉంటే, ఫోర్ తీసుకోండి. ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. "వెళ్దామనుకుంటున్నా" అనేది మాత్రం లెక్కలోకి రాదు. గత రెండేళ్లలో అద్దె బండి మీదైనా, ఉన్న చిన్న బండి మీదైనా ట్రాక్‌కి వెళ్లారా లేదా అన్నది చూసుకోండి. అది వచ్చే రెండేళ్ల గురించి చాలా చెబుతుంది.

కంపెనీలు కూడా నేలను చూసే ఎంచుకున్నాయి. 1988లో వరల్డ్ సూపర్‌బైక్ పోటీలు మొదలైనప్పుడు ఫోర్‌లకు 750 సీసీ, ట్విన్‌లకు 1000 సీసీ అనుమతించారు. ఆ నియమంలో డుకాటీ వీ-ట్విన్లు చెలరేగిపోయాయి. 1994లో 916 మీద కార్ల్ ఫోగర్టీ ఛాంపియన్ అయ్యాడు. చివరికి నాలుగు సిలిండర్లకు మారుపేరైన హోండాయే ఒక వీ-ట్విన్ తయారుచేసి, 2000లో కాలిన్ ఎడ్వర్డ్స్‌తో టైటిల్ గెలుచుకుంది. 2003 నుంచి ఫోర్‌లకూ 1000 సీసీ ఇచ్చారు. కాలం గడిచి, ట్విన్‌కి మారుపేరైన డుకాటీ 2018లో తన పెద్ద సూపర్‌బైకును నాలుగు సిలిండర్ల పానిగాలే వీ4గా మార్చింది. అదే డుకాటీ 2025లో వచ్చిన కొత్త పానిగాలే వీ2ను మాత్రం ట్విన్‌గానే ఉంచి, 155 నుంచి 120 హార్స్‌పవర్‌కి తగ్గించింది. బరువు దించింది, వాల్వులకు తన పాత డెస్మో పద్ధతి వదిలి స్ప్రింగులు పెట్టింది. రోడ్డు మీద తిరిగేవాళ్లకి 35 హార్స్‌పవర్ వదులుకోవడమే మేలని స్పోర్ట్స్ బైకుల్లో పేరుమోసిన కంపెనీ తేల్చుకుంది. నాకు ఇది చాలా పెద్ద విషయం అనిపిస్తుంది. పవర్ తగ్గిస్తే పరువు తగ్గుతుందన్న భయం ఆ కంపెనీకే లేనప్పుడు మనకెందుకు?

మూడు సిలిండర్ల బళ్లూ ఉన్నాయి, ట్రయంఫ్ డేటోనా 660 లాంటివి. రెంటికీ మధ్య రకం. ఎటూ తేల్చుకోలేనివాళ్లు ఒకసారి నడిపి చూడొచ్చు.

చేతి చమురు

కొనే ధరలో తేడా అందరికీ కనబడుతుంది. 2023లో వచ్చినప్పుడు ఆర్ఎస్ 457 ఎక్స్-షోరూం 4.10 లక్షలు, జడ్ఎక్స్-4ఆర్ 8.49 లక్షలు. 2024లో జీఎస్ఎక్స్-8ఆర్ 9.25 లక్షలు, జడ్ఎక్స్-6ఆర్ 11.09 లక్షలు. ఇవి విడుదలైనప్పటి ధరలు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాటిన బళ్ల మీద జీఎస్టీ 40 శాతం, 350 లోపు 18 శాతం అయింది. అందుకే ఇవాళ్టి ఆన్-రోడ్ ధర డీలరు దగ్గర కాగితం మీద రాయించుకోండి. పన్ను మారాక 296 సీసీ నింజా 300, 321 సీసీ యమహా ఆర్3 లాంటి చిన్న ట్విన్ల మీద భారం బాగా తక్కువ. మొదటిసారి స్పోర్ట్స్ బైకు కొనేవాళ్లు ముందు వీటిని చూడాలన్నది నా గట్టి అభిప్రాయం.

కొన్న తర్వాతి ఖర్చు ఎవరూ చెప్పరు. ఒకరోజు ఒక ప్రైవేట్ గరాజ్‌లో వాల్వ్ క్లియరెన్స్ చూస్తుంటే దగ్గరుండి గమనించాను. ట్యాంకు తీశాడు, ఎయిర్‌బాక్స్ తీశాడు, కాయిల్స్ తీశాడు, అప్పటికి గానీ వాల్వ్ కవర్ కనిపించలేదు. కవర్ తీశాక క్యామ్ అంచుకీ దాని కింద బకెట్‌కీ మధ్య ఫీలర్ గేజ్ రేకు దూర్చి చూస్తున్నాడు. వెంట్రుకంత సందు, రేకు కొద్దిగా పట్టుకుంటూ జారాలి. ఒక్కో కొలత చాక్‌పీసుతో నేల మీద రాసుకుంటున్నాడు. ట్విన్‌కి అలా ఎనిమిది వాల్వులు, ఫోర్‌కి పదహారు. ఏదైనా తేడా వస్తే క్యామ్‌షాఫ్ట్‌లు విప్పి, షిమ్ మార్చి, మళ్లీ టైమింగ్ కుదర్చాలి. "అన్నా, ట్విన్ అయితే పొద్దున తెచ్చిస్తే సాయంత్రం ఇచ్చేస్త. ఫోర్ అయితే రెండు రోజులు బండి సంగతి మర్చిపోవాలె" అన్నాడు తల ఎత్తకుండానే. ప్లగ్గులు రెండుకు నాలుగు. ఏ బండికి ఎన్ని వేల కిలోమీటర్లకు ఈ తనిఖీ చెయ్యాలో ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. కొనేముందే ఆ పేజీ చూపించమని అడగండి. దాని ఖర్చు ఎంతవుతుందో సర్వీస్ సెంటర్‌లో అడగండి. సేల్స్ కౌంటర్‌లో కాదు.

టైర్లు కూడా. నింజా 650కి వెనక 160 సైజు, సీబీఆర్650ఆర్‌కి, జడ్ఎక్స్-6ఆర్‌కి 180. వెడల్పు పెరిగిన కొద్దీ ధర పెరుగుతుంది, స్పోర్ట్స్ టైరు ఎక్కువకాలం మన్నదు. వరంగల్‌లోనో, రాజమండ్రిలోనో, కర్నూలులోనో ఉండేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. మీకు దగ్గరి అధీకృత సర్వీస్ సెంటర్ ఎక్కడ? బండి ఆగిపోతే అక్కడికి ఎలా చేరుస్తారు? చాలా ఊళ్ల నుంచి జవాబు హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం దాకా పోతుంది. సర్వీసుకు ఏడాదికి ఎంత పెట్టగలరో ముందే ఒక కాగితం మీద రాసి, ఈఎంఐ పక్కన పెట్టి చూడండి. ఆ మొత్తం చూసి ఇంట్లోవాళ్లకి చెప్పడానికి మీకే సంకోచంగా ఉంటే, ఆ సంకోచాన్ని నమ్మండి.

టెస్ట్ రైడ్ ఎలా చెయ్యాలి

షోరూంవాళ్లు చూపించే ఖాళీ రోడ్డు మీద అటూ ఇటూ పరుగెత్తించి దిగిపోతే ఫోరే గెలుస్తుంది, ఎప్పుడూ. అందుకని వారం మధ్యలో, సాయంత్రం ఆరింటికి వెళ్లండి. మీరు రోజూ వెళ్లే దారిలాంటి దారి అడగండి. ముందు మూడో గేర్‌లో నలభై దగ్గర నుంచి గేరు మార్చకుండా వేగం పెంచి చూడండి. స్పీడ్‌బ్రేకర్ దాటాక బండి ఎలా అందుకుంటుందో గమనించండి. ఒక సిగ్నల్ పూర్తిగా నిలబడి, మోకాళ్లకు వేడి తగులుతోందా చూడండి. క్లిప్-ఆన్ హ్యాండిల్ మీద మణికట్లకు ఎంత బరువు పడుతోందో పదిహేను నిమిషాల తర్వాతే తెలుస్తుంది, కాబట్టి తొందరపడి దిగొద్దు. జీవిత భాగస్వామినో, తమ్ముణ్నో వెనక కూర్చోబెట్టుకునే అలవాటుంటే వాళ్లనీ వెంట తీసుకెళ్లండి. స్పోర్ట్స్ బైకు వెనక సీటు చిన్నదిగా, ఎత్తుగా ఉంటుంది. వాళ్ల మాట కూడా వినాలి. వీలైనప్పుడల్లా డాష్‌బోర్డు మీద ఆర్‌పీఎం చూస్తుండండి. మీ సహజమైన నడకలో అది ఎన్నిసార్లు ఎనిమిది వేలు దాటిందో మనసులో లెక్కపెట్టుకోండి.

దిగగానే సేల్స్‌మన్‌తో మాట్లాడకుండా, మీ ఫోన్‌లో నాలుగు ముక్కలు రాసుకోండి. మర్నాడు రెండో బండి. మళ్లీ అదే దారి, అదే వేళ. రెండు రోజుల తర్వాత ఆ రాతలు చదవండి. ఫోర్ నడిపిన రోజు మీరు పైన ఉన్న పరుగు గురించి రాశారా, కింద ఉన్న ఇబ్బంది గురించి రాశారా? మొదటిదైతే, ఖర్చుకు సిద్ధమైతే, ఫోర్ మీదే. నా అంచనా ప్రకారం మన రోడ్ల మీద, మన ఎండలో, రోజువారీ పనికీ ఆదివారం ఘాట్‌కీ ఒకే బండి కావాలనుకునేవాళ్లలో చాలామందికి ట్విన్ సరిపోవడమే కాదు, ట్విన్ మీదే వాళ్లు బాగా నడుపుతారు. ఉన్న బలాన్ని భయం లేకుండా వాడుకోగలరు కాబట్టి.

150 సీసీ బండి నుంచి నేరుగా 600 ఫోర్‌కి ఎక్కాలనుకునే కుర్రవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. 8,000 దాకా నెమ్మదిగా అనిపించే బండి ఆ తర్వాత ఒక్కసారిగా దూకుతుంది. ఆ దూకుడు మలుపు మధ్యలో వస్తే సరిదిద్దుకునే అనుభవం మీకింకా లేదు. ట్రాక్షన్ కంట్రోల్ కొంత కాపాడుతుంది, అన్నీ కాదు. చిన్న ట్విన్ మీద రెండేళ్లు నడపండి. అది అమ్మేటప్పుడు పోయే డబ్బును చదువుకు కట్టిన ఫీజు అనుకోండి.

ట్విన్ ఎంచుకోవడం వల్ల మిగిలిన డబ్బును ఎగ్జాస్ట్ మార్చడానికి పెట్టొద్దు. అరచేతి సైజు రబ్బరు ముక్కల మీదే బండి రోడ్డును పట్టుకుని ఉంటుంది కాబట్టి ముందు మంచి టైర్లు. తలకు సరిగ్గా పట్టే ఫుల్‌ఫేస్ హెల్మెట్, మోచేతులకీ భుజాలకీ వీపుకీ ఆర్మర్ ఉన్న జాకెట్, చీలమండ కప్పే బూట్లు, మణికట్టు దాటే గ్లవ్స్. ఇంకా మిగిలితే చెన్నై ట్రాక్ మీద జరిగే రైడింగ్ శిక్షణల్లో ఒకదానికి పేరు రాయించుకోండి. బండి డెలివరీ తేదీ తెలిసిన రోజే ఆ ఫీజు కట్టెయ్యండి, తర్వాత అయితే వాయిదా పడుతుంది.